ఎత్తని ఫోను

ప్రతి సోమవారం పొద్దున మా సిస్టమ్ నాకొక రిపోర్టు పంపుతుంది. మేము సాఫ్ట్‌వేర్ పెట్టిన వ్యాపారాల్లో ఎక్కడ ఏది ఆగిపోయిందో, ఏ సందేశం ఎవరికి చేరలేదో అందులో వరుసగా ఉంటుంది. ఎక్కువగా చిన్న విషయాలే. ఎవరో సిమ్ మార్చి ఉంటారు. ఎవరి ఫోన్లోనో చార్జింగ్ అయిపోయి ఉంటుంది. పోయిన నెల ఒక సోమవారం అందులో ఎప్పుడూ లేని వరుస ఒకటి వచ్చింది. బొమ్మనహళ్ళిలోని నీళ్ళ ట్యాంకర్ల యార్డుది. "కాపీ నంబరు: స్విచాఫ్" అని ఉంది. మరుసటి సోమవారం కూడా అదే ఉంది.

ఆ కాపీ నంబరు ఎందుకుందో మా ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. కస్టమర్ అడిగిన పనుల జాబితాలో అది లేదు. మేనేజరు ఎప్పుడైనా చూసినా పాత టెస్టింగ్ నంబరు అనుకుని ఉంటాడు. నేను యార్డు ఓనరమ్మకు ఫోన్ చేశాను.

"రైటరు పోయినాడప్పా," అందామె. "చందాపురలోనే. పొద్దున పాలకని లేచినోడు అట్లే కూలబడినాడంట. పక్కింటోళ్ళు చూసి ఆస్పత్రికి తీసుకుపోయేలోపలే అయిపోయింది. వాళ్ళక్క కొడుకు హిందూపురం నుంచి వచ్చి తీసుకుపోయినాడు." కొంచెం ఆగి అడిగింది. "నీకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదని, రిపోర్టులో వచ్చిందని చెప్పాను. ఫోన్లో ఆమె వెనక బోరు మోటారు చప్పుడు వినిపిస్తోంది.

లారీ ఆఫీసుల్లో, నీళ్ళ ట్యాంకర్ల ఆఫీసుల్లో బండ్ల రాకపోకలు చూసుకునే గుమాస్తాను ఇక్కడ రైటరు అంటారు. ఆయన అసలు పేరు ఆ యార్డులో ఎవరైనా పలకగా నేను వినలేదు. ఓనరమ్మకు రైటరు, డ్రైవర్లకు రైటరన్న. మాది ఒంగోలు వైపు. మొదటి రోజు నేను "రైటరు గారూ" అని పిలిస్తే ట్యాంకు కింద నీడలో కూర్చున్న ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. "గారు గీరు ఈడ నడవదప్పా. అన్నా అను, చాలు," అన్నాడాయన. కళ్ళజోడు తీసి బనియను అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. ఎవరితోనైనా మాట మొదలుపెట్టే ముందు అట్లా తుడుచుకునేవాడు. కళ్ళజోడు లోపల కనిపించే కళ్ళు ఎప్పుడూ కొంచెం తడిగా ఉండేవి.

యార్డు గార్మెంట్ ఫ్యాక్టరీల వెనక సందులో ఉంది. ఒక మూల బోరు, దాని మీదుగా ట్యాంకర్లు నింపే లావుపాటి గొట్టం, గేటు పక్కన రేకుల గది. గదిలో ఒక బీరువా, ఇనప బల్ల. బల్ల మీద మడిచిన తువ్వాలు, దాని మీద రెండు బటన్ల ఫోన్లు. ఇనప బల్ల మీద నేరుగా పెడితే అదిరి గోలగా ఉంటుందని తువ్వాలు. ఆ రెండు ఫోన్లూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోగేవి. ఆయన ఒక్కటీ ఎత్తేవాడు కాదు.

ఎత్తకపోగా, వాటికి జవాబు చెప్పేవాడు.

ఫోను మోగుతుంది. ఆయన తల కొంచెం పక్కకు వంచుతాడు. ఒకసారి మోగి ఆగిపోతే, "నిండిందా? సరే అప్పా, బయలుదేరు. సర్వీసు రోడ్డులో పో, మెయిన్ రోడ్డు జాముంటాది," అంటాడు. వెంటవెంటనే రెండుసార్లు వచ్చి ఆగిపోతే, "దించేసినావా. మంచిది. టీ తాగి రా," అంటాడు. అవతల వినేవాడు లేడు. గదిలోనూ ఎవరూ లేరు. ఉన్నది నేనొక్కణ్ణి, ఆ మాటలు నాతో కాదు. తరువాత లేచి, బీరువా తలుపు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, ఆ బండి వెళ్ళే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు చేసి గేటు తెరిచి పెట్టమని చెప్పేవాడు. ఆయన నిజంగా మాట్లాడే ఫోన్లు దాదాపు అవే. అవి చాలా పొట్టివి.

ఆ యార్డులో అంతా మిస్డ్ కాల్ మీద నడిచేది. ఒకటి వస్తే ట్యాంకు నిండింది, కదులుతున్నాను అని. వరసగా రెండు వస్తే నీళ్ళు దించేశాను అని. మూడు వస్తే ఎక్కడో ఇరుక్కున్నాను, నువ్వే చెయ్యి అని. కాల్‌కు డబ్బు పడే రోజుల్లో మొదలైన పద్ధతి. మాట్లాడటం ఉచితమయ్యాక కూడా ఎవరూ మార్చలేదు. స్టీరింగ్ మీద చెయ్యి ఉంటుంది, పక్కన బస్సుల హారన్లు, ఒక మీట నొక్కి వదిలేస్తే పని అయిపోతుంది. ఇవి నేను రాసుకున్న కారణాలు. ఆయన్ను అడిగితే, "మోగితే చాలప్పా. మాట్లాడేకి ఏముండాది," అన్నాడు. అంటుండగానే ఫోను మోగింది. "ఓహో, నువ్వా. ఇంత బేగ నింపినావే," అన్నాడు దానితో.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. పదకొండు దాటాక ఆయన సందు చివర ఉన్న దర్శిని అనే చిన్న టిఫిన్ హోటలుకు స్వయంగా వెళ్ళి బై టూ కాఫీ తెచ్చేవాడు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇవ్వడాన్ని ఇక్కడ బై టూ అంటారు. ఇద్దరు మనుషులు తాగడానికి అది. ఆయన ఒక గ్లాసు తన ముందు పెట్టుకుని, రెండోది బల్లకు అవతల పక్క, ఎదురు కుర్చీ ముందు పెట్టి, దాని మీద పాత అట్టముక్క మూసేవాడు. ఎవరైనా డ్రైవరు వస్తే తాగుతాడని. డ్రైవర్లు వచ్చేవారు. కాని గొట్టం కింద బండి నిండుతూ ఉంటుంది, వెనక ఇంకో బండి హారన్ కొడుతుంటుంది, గుమ్మంలోంచే "అన్నా, యాడికి?" అని అడిగి పోయేవారు. కాఫీ చల్లారాక అట్ట తీసి ఆయనే తాగేసి, రెండు గ్లాసులూ కడిగి దర్శినిలో ఇచ్చి వచ్చేవాడు. నేను అక్కడ పని చేసిన రోజుల్లో ఆ రెండో గ్లాసు నాది. నాకు కాఫీ అలవాటు లేదు. అక్కడ తాగాను.

ఇక పని. చుట్టుపక్కల పెద్ద అపార్ట్‌మెంట్ల సంఘాలు బండి ఎక్కడుందో, నీళ్ళు ఎప్పుడు దిగాయో తమ ఫోన్లకు సందేశం రావాలని అడగడం మొదలుపెట్టాయి. రాకపోతే వేరే ట్యాంకర్లను పిలుచుకుంటామని ఒక సంఘం ఓనరమ్మకు ముఖం మీదే చెప్పింది. ఆమె మా కంపెనీకి వచ్చింది. కంపెనీ నన్ను పంపింది. మేము డ్రైవర్ల ఫోన్లలో ఒక యాప్ పెట్టాం. అందులో మూడే మూడు మీటలు: నింపాను, చేరాను, దించాను. ఇంతకంటే సులువుగా చేయడం కుదరదని మా డిజైనరు అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను.

మొదటి వారం ఎవరూ నొక్కలేదు. రెండో వారం నొక్కారు. ఒకతను సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఫోను చార్జింగ్‌కు పెట్టి, ఆ రోజు మీటలన్నీ తీరిగ్గా నొక్కేవాడు. ఇంకొకతను మీట నొక్కిన ప్రతిసారీ రైటరన్నకు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఎందుకని అడిగితే, "నొక్కినానని చెప్పల్ల గదన్నా?" అన్నాడు. దాంతో ఆయన ఫోన్లు అంతకు ముందుకంటే ఎక్కువ మోగాయి. ఆ వారం ఆయన చాలా హుషారుగా ఉన్నాడు.

మూడో వారం సోమవారం నాడు నాగరాజు చేసిన పని బయటపడింది. నాగరాజు కదిరి వైపు మనిషి, యార్డులో అందరికంటే పాత డ్రైవరు. రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టడు. సోమవారం రాహుకాలం పొద్దున్నే వస్తుంది, సరిగ్గా నీళ్ళ గిరాకీ ఉన్న సమయానికి. పాత పద్ధతిలో దానికొక ఉపాయం ఉండేది. రాహుకాలం రాకముందే రైటరన్నకు ఒక రింగు ఇచ్చేసేవాడు. దాంతో పని మొదలైపోయినట్టు. ఆ తరువాత ఎప్పుడు నింపినా దోషం లేదు. యాప్ వచ్చాక నాగరాజు అదే ఉపాయాన్ని ఇంకొంచెం పెంచాడు. ఆ రోజు పొద్దుటి ట్రిప్పులన్నీ తెరిచి, ప్రతి దాంట్లో మూడు మీటలూ రాహుకాలానికి ముందే నొక్కి పెట్టేశాడు.

యార్డులోంచి ఒక్క బండీ కదలకముందే నాలుగైదు అపార్ట్‌మెంట్లకు "మీ నీళ్ళు దించబడ్డాయి" అని సందేశం వెళ్ళింది. అందులో ఒక చోట సంపు పూర్తిగా ఎండిపోయి ఉంది. ఆ సంఘం సెక్రెటరీ ఓనరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె నేరుగా యార్డుకు వచ్చింది. గదిలో నేను, రైటరన్న, నాగరాజు ఉన్నాం.

"ఏమప్పా సాఫ్ట్‌వేరూ," అంది నాతో. "నీళ్ళు ఫోన్లోకి దిగినాయంటనే. బిందెలెత్తుకోని పోయి ఫోను కింద పెట్టుకోమని చెప్పేదా వాళ్ళకి?"

నాగరాజు తల వంచుకుని, రాహుకాలంలో మొదలుపెట్టింది సగంలో నిలిచిపోతుందనే భయంతో చేశానని, బండి మధ్యలో ఆగిపోతే తననే కదా తిడతారని గొణిగాడు.

"బండి నిలిచిపోలేదు లేప్పా," అన్నాడు రైటరన్న. "సాఫ్ట్‌వేరు నిలిచిపోయింది. రాహుకాలం దానికి తగులుకునె."

నాగరాజు నవ్వాడు. ఓనరమ్మ నవ్వలేదు. ఎండలు ముదిరేలోపల ఇది సరిగ్గా నడవకపోతే యాప్ తీసేస్తానని, అపార్ట్‌మెంట్లు పోతే ఇద్దరు డ్రైవర్లను కూడా తీసెయ్యాల్సి వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు కాఫీ ఆలస్యంగా వచ్చింది. ఆయన రెండో గ్లాసు నా ముందుకు జరిపి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఒగటి అడుగుతా. ఇది నువ్వనుకున్నట్ల నడిస్తే, నా ఫోను మోగుతుందా?"

ఆ గోలతో విసిగిపోయాడనుకున్నాను. "మోగదన్నా. అంతా స్క్రీను మీదే కనిపిస్తుంది. మీకిక ఈ చప్పుడు ఉండదు," అన్నాను.

"అదే అడుగుతా ఉండా," అన్నాడు. ఫోన్ల కింద తువ్వాలు సరిచేశాడు. 

తరువాత రెండు రోజులు నేను ఆ గదిలో కూర్చుని, డ్రైవర్లు ఏం చేయడం లేదో కాకుండా ఏం చేస్తున్నారో రాసుకున్నాను. ఒకటే తేలింది. ఏం మర్చిపోయినా మిస్డ్ కాల్ ఇవ్వడం మాత్రం ఎవరూ మర్చిపోవడం లేదు. అయితే ఆ మిస్డ్ కాల్‌నే సిస్టమ్ తీసుకుంటే సరిపోతుంది. మేము ఒక నంబరు పెట్టాం. దానికి రింగు రాగానే సిస్టమ్ దాన్ని కట్ చేసి, ఎవరి దగ్గర నుంచి, ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటుంది. ఒకటైతే నిండింది. రెండైతే దిగింది, అపార్ట్‌మెంటుకు సందేశం పోతుంది. మూడైతే స్క్రీను మీద ఎర్రగా వెలుగుతుంది. డ్రైవరు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. నాగరాజు రాహుకాలానికి ముందు ఒక రింగు ఇచ్చుకున్నా ఎవరి సంపూ నిండినట్టు చూపదు.

ఒక్క చిక్కు మిగిలింది. డ్రైవర్ల వేళ్ళకు పాత నంబరే అలవాటు. కొత్త నంబరును మా కంపెనీ పేరుతో వాళ్ళ ఫోన్లలో నేనే ఎక్కించాను. కాని ఫోను తెరవగానే వాళ్ళ వేలు రైటరన్న పేరు మీదికే పోయేది. సగం రింగులు సిస్టమ్‌కు, సగం ఆయన బల్ల మీదికి వచ్చేవి. స్క్రీను మీద సగం బండ్లు కదలకుండా కనిపించేవి. ఎండలు ముదురుతున్నాయి. ఓనరమ్మ రోజూ ఫోన్ చేసి అడుగుతోంది.

ఒక రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన గదిలో లేడు. గొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు. నింపుకోవడానికి వచ్చిన ప్రతి బండి దగ్గరికీ వెళ్ళి డ్రైవరు ఫోను అడిగి తీసుకుంటున్నాడు. ఏం చేస్తున్నాడో పక్కన నిలబడి చూశాను. ఫోన్లో రైటరన్న అనే పేరు తెరుస్తాడు. దాని కింద ఉన్న తన నంబరు తీసేస్తాడు. ఆ చోట మా సిస్టమ్ నంబరు ఎక్కిస్తాడు. నేను పెట్టిన కంపెనీ పేరు తుడిచేస్తాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ, తప్పు పోకుండా చూసుకుని ఇచ్చేస్తున్నాడు.

ట్యాంకర్ ఆఫీసు అనో మరొకటో పేరు పెట్టొచ్చు కదా అన్నాను.

"పేరు చూసి చేస్తారప్పా వాళ్ళు. నంబరు చూసి కాదు."

నాగరాజు బండి వచ్చింది. ఫోను ఇస్తూ అడిగాడు. "ఏమన్నా, నంబరు మార్చినావా?"

"ఊ. మార్చినా."

"మిషన్‌కి పోతాదంట గదా ఇది. ఇంక నువ్వు ఎత్తవా?"

"ఎప్పుడెత్తినానప్పా నేను?"

నాగరాజు నవ్వాడు. వెనక బండిలో ఉన్నవాడూ నవ్వాడు. ఆయన కూడా నవ్వి, ఫోను తిరిగి ఇచ్చి, ట్యాంకు పొంగుతోందని గొట్టం తిప్పమని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఒక్క రింగు కూడా తప్పిపోలేదు. వారం తిరిగేలోపల ఫిర్యాదులు ఆగాయి. ఎండాకాలంలో ఓనరమ్మ ఇంకో రెండు బండ్లు కొంది. ఆ యార్డు ఇప్పుడు మా కంపెనీ ప్రెజెంటేషన్లలో ఒక స్లైడు. చిన్న వ్యాపారంలో కొత్త టెక్నాలజీ ఎందుకు నిలబడింది అని పైన ఉంటుంది. కింద మూడు కారణాలు నేనే రాశాను: ఉన్న అలవాటు మీదే కట్టడం, డ్రైవర్లకు శిక్షణ అవసరం లేకపోవడం, యజమాని పట్టుదల. మూడూ నిజమే. నాలుగో కారణానికి స్లైడులో చోటుంది. ఒక మనిషి అందరి ఫోన్లలోంచి తన నంబరు తుడిచి, తన పేరును మాత్రం అక్కడే వదిలేయడాన్ని ఒక వరుసలో ఎట్లా రాయాలో నాకు తెలియలేదు.

పని అయిపోయాక కూడా కొన్ని వారాలు లెక్కలు సరిచూడటానికి వెళ్తూ ఉండేవాణ్ణి. రేకుల గదిలో గోడకు పెద్ద స్క్రీను వచ్చింది. బండి నిండితే దాని పేరు పసుపు రంగులోకి, నీళ్ళు దిగితే ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. వాచ్‌మన్లకు కూడా సందేశం దానంతటదే పోతుంది. బీరువా తలుపు మీద సుద్ద గీతలు ఎవరో తుడిచేశారు. ఆయన స్క్రీనుకు ఎదురుగా కూర్చునేవాడు. ఒక పేరు పచ్చగా మారుతుంది. చప్పుడు ఉండదు. ఆయన చూసేసరికి ఎప్పుడో మారి ఉంటుంది. ఒకసారి మాత్రం ఆయన చూస్తుండగానే మారింది. తల పక్కకు వంచి నోరు తెరిచాడు. ఏమీ అనకుండా మళ్ళీ మూసుకున్నాడు.

రెండు ఫోన్లూ తువ్వాలు మీద అట్లాగే ఉండేవి. అప్పుడప్పుడు ఒకటి తీసి చార్జింగ్ ఉందో లేదో చూసేవాడు. ఒక రోజు, ఇది పనిచేస్తా ఉండాదో లేదో ఒక రింగు కొట్టి చూడమన్నాడు. ఎదురు కుర్చీలోంచే కొట్టాను. మోగింది. కాసేపు విన్నాడు. "బాగానే ఉండాది," అన్నాడు.

కాఫీ తాగాక అసలు మాట అడిగాడు. "మీ మిషనుకి మోగుతా ఉంటాది గదా రోజంతా. అది మోగినప్పుడల్లా నాకు గూడా ఒక రింగు కొట్టేకి అవుతుందా దానికి?"

అవుతుంది. ఒక చిన్న మార్పు చాలు. కాని అందులో ఒక లోపం ఉంది, అది చెప్పాను. ఏ డ్రైవరు రింగు ఇచ్చినా ఆయన ఫోనుకు వచ్చేది సిస్టమ్ నంబరు నుంచే. అన్నీ ఒకే నంబరు. ఎవరు నింపారో, ఎవరు దించారో తెలియదు.

"తెలియకపోతే ఏమప్పా," అన్నాడు. "ఎవుడో ఒకడు చేరినాడు గదా."

ఆ మధ్యాహ్నమే ఆ మార్పు చేశాను. అదే కాపీ నంబరు. మొదటి రింగు నేను అక్కడ ఉండగానే వచ్చింది. రెండుసార్లు మోగి ఆగింది. ఆయన తల వంచాడు. "దించేసినావా. మంచిది," అన్నాడు. ఎవరో తెలియదు కాబట్టి ఒక క్షణం ఆలోచించి, "నాగరాజే అయ్యుంటాడు. ఈ పొద్దుకి వానిదే," అని నాతో అన్నాడు. స్క్రీను వైపు చూస్తే తెలిసిపోయేది. ఆయన చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ వానాకాలంలో ఆయన యార్డు మానేశాడు. ఎవరూ మానమనలేదు. "సుమ్నే ఊరికే కూచోప్పా, నీ జీతం నీకు వస్తాది అంటే వినలేదు," అని ఓనరమ్మ నాతో చెప్పింది. "పని లేని కుర్చీలో నడుము నొస్తాది అన్నాడు."

తరువాత ఒక్కసారే ఆయన్ను చూశాను. అత్తిబెలె వైపు ఒక ఫ్యాక్టరీలో పని పడింది. తిరిగి వస్తూ ఆయన ఉండే చందాపురలో దిగాను. కిరాణా కొట్టు మీద వరసగా గదులు, ఒక్కో గదిలో ఫ్యాక్టరీ పనివాళ్ళ కుటుంబం. ఆయనది చివరి గది. మంచం, గ్యాస్ పొయ్యి, కిటికీ గట్టు మీద మడిచిన అదే తువ్వాలు, దాని మీద ఒక ఫోను. నన్ను చూసి చాలా సంబరపడ్డాడు. కూర్చోబెట్టి కిందికి వెళ్ళి బై టూ తెచ్చాడు.

నేను ఉన్నంతసేపూ ఫోను మోగుతూనే ఉంది. ప్రతిదానికీ ఆయన జవాబు చెబుతూనే ఉన్నాడు. సర్వీసు రోడ్డులో రమ్మన్నాడు. టీ తాగమన్నాడు. ఎండలో తిరగొద్దని తిట్టాడు. మధ్యలో పక్క గదిలోని గార్మెంట్ పనికి వెళ్ళే ఆమె పెరుగు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నన్ను చూసి, మీరు అన్నకి ఏమవుతారని అడిగింది. యార్డులో తెలిసినవాణ్ణని చెప్పాను.

"ఈయప్పకి ఎంతమంది ఉండారో," అందామె. "ఒక గంట ఊరికే ఉండదు ఆ ఫోను. అందురూ చేస్తా ఉంటారు. మా ఇంట్లో ఫోనైతే నెలకొకసారి మోగితే ఎక్కువ."

ఆయన నావైపు చూడలేదు. గిన్నె అందుకుని గూట్లో పెట్టాడు. నేను కాఫీ తాగాను.

లేచేటప్పుడు, ఎక్కడ ఉంటున్నావని అడిగాడు. మహదేవపురలో ఒక పీజీ హాస్టల్లో అని చెప్పాను. గదిలో ఇంకొకతను ఉంటాడని, అతనిది రాత్రి డ్యూటీ అని, నేను వెళ్ళేసరికి అతను బయలుదేరి పోతాడని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మరి నువ్వు చేరినావని ఎవురికి చెప్తావు?"

చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు అన్నాను.

"చేరినాక నాకొక రింగియ్యి," అన్నాడు. నా నంబరు అడిగి, తన ఫోను తీసుకుని, నాకొక మిస్డ్ కాల్ ఇచ్చాడు. యార్డులో ఏ డ్రైవరు ఫోన్లోనూ లేని ఆ నంబరు నా ఫోన్లో మళ్ళీ కనిపించింది. రైటరన్న అని పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం రెండు బస్సులు మారి పీజీకి చేరాను. చెప్పులు విప్పి, ఒక రింగు ఇచ్చి కట్ చేశాను. ఆయన ఎత్తలేదు. ఏం అన్నాడో నాకు వినపడదు. ఆ తరువాత మా ఊరికి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడల్లా ఒక రింగు ఇచ్చేవాణ్ణి. అంతకుమించి మేమిద్దరం ఫోన్లో ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మొన్న రిపోర్టు చూసి ఓనరమ్మకు ఫోన్ చేసినప్పుడు ఆమె ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఆయన పోయిన కబురు అక్క కొడుకు ఆమెకు చెప్పాడు, ఆమె యార్డులో చెప్పింది. డ్రైవర్లలో ఎవరి దగ్గరా ఆయన అసలు నంబరు లేదు. "తెలిసి తెలిసే ఫోన్లు తీసి రైటరన్నకి కొట్టినారప్పా పిల్లోళ్ళు. నాగరాజు మొదులు కొట్టె. మీ మిషన్ చూస్తే, మోటారే వెయ్యలేదు, బండ్లన్నీ నిండినాయని చూపించె."

ఫోను పెట్టేశాక, యార్డులో ఆ కబురు తెలిసిన రోజు ఎంట్రీలు తెరిచి చూశాను. ఉన్నాయి. ఒక్కొక్క బండి నుంచి ఒక్కొక్క రింగు, ఒకదాని వెనక ఒకటి. బుకింగు లేదు, గమ్యం లేదు. అవి తప్పు ఎంట్రీలు. అట్లా వదిలేస్తే నెల లెక్క తప్పుతుంది. ఒక్కొక్కటీ తెరిచి, బండి నిండలేదు అని దిద్దాను. కారణం రాయమని సిస్టమ్ అడిగింది. ఖాళీగా వదిలేశాను.

మిగిలింది కాపీ నంబరు. దాన్ని తీసేస్తే రిపోర్టులో ఆ వరుస ఇక రాదు. చాలాసేపు ఆ గడిని చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆయన నంబరు చెరిపి, ఆ చోట నాది రాశాను. ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ, తప్పు పోకుండా.

ఇవాళ శనివారం. రూమ్మేటు వాళ్ళ ఊరికి వెళ్ళాడు. పీజీలో నాకిచ్చింది కూడా ఇనప బల్లే. పొద్దున ఫోను దాని మీద అదిరి గోల చేస్తుంటే కింద తువ్వాలు మడిచి పెట్టాను. మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చున్నాక మోగింది. ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది. ఆగింది. ఎవరిదో తెలియదు. ఆఫీసు లాప్‌టాప్ పక్కనే ఉంది, తెరిస్తే తెలుస్తుంది. తెరవలేదు.

"దించేసినావా," అన్నాను. నా గొంతు ఆ గదిలో నాకే కొత్తగా వినిపించింది. "మంచిది. టీ తాగి రా అప్పా."